జోయెల్ స్వీనీ: పొట్టి తీగ కథ

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో అపొమాటాక్స్ అనే పల్లె ఉన్నది. 1865 ఏప్రిల్ 9న దక్షిణ సేనాని లీ అక్కడ గ్రాంటుకు లొంగిపోవడంతో అంతర్యుద్ధం ముగింపునకు వచ్చింది. చరిత్ర పాఠాలలో ఆ పల్లెకు చోటు దొరికినది అందువల్లనే. సంగీతప్రియులకు మాత్రం ఆ ప్రాంతం మరొక విధంగా స్మరణీయం. బాంజో వాదకుడుగా రంగస్థలంపై పేరు పొందిన తెల్లవారిలో మొదటివాడైన జోయెల్ వాకర్ స్వీనీ 1810లో అక్కడనే జన్మించాడు.

బాంజో అనగానే మన ఊళ్లలో మీటలు నొక్కి వాయించే పెట్టెవంటి వాద్యం తలపునకు వస్తుంది. ఇది అది కాదు. పొడవైన మెడ, తోలు బిగించిన గుండ్రని కాయ గల తీగవాద్యం ఇది. పూర్వం ఆ కాయను సొరబుర్రతో చేసేవారు. ఆఫ్రికా నుండి బానిసలుగా కొనిరాబడినవారు దీనిని జ్ఞాపకంలో పెట్టుకొని వచ్చి, పరాయి గడ్డపై మరల చేసుకొన్నారు. స్వీనీ వారి వద్దనే నేర్చుకొన్నాడు. ఆ గురువుల పేర్లు చరిత్ర కెక్కలేదు.

స్వీనీకి ఫిడేలు కూడా వచ్చును. ఆ ప్రాంతపు నృత్యాలకు ఆధారం ఫిడేలే. ఐర్లండు, స్కాట్లండుల నుండి వలస వచ్చిన బాణీలను తెల్లవారూ నల్లవారూ దానిపై వాయించేవారు. అటువంటి బాణీని బాంజో మీదికి తేవడం తేలిక కాదు. కమాను లాగినంతసేపు ఫిడేలు స్వరం నిలుస్తుంది. బాంజో స్వరమో, మీటిన మరుక్షణమే ఆరిపోతుంది. అందుచేత వాదకుడు చూపుడువ్రేలి గోటితో తీగను క్రిందికి కొట్టి, స్వరానికీ స్వరానికీ నడుమ బొటనవ్రేలితో ఒక పొట్టి తీగను మోగిస్తాడు. దాని శ్రుతి మారదు. మన తంబురావలె అది పలుకుతూ ఉంటే ఖాళీలు నిండుతాయి. ఫిడేలులోని ప్రతి స్వరాన్నీ పట్టబోతే నడక చెడుతుంది, కొన్నిటిని విడవాలి. ఏది విడవాలో తెలియడమే ఇందులోని విద్య. 1855లో బ్రిగ్స్ పేర వెలువడిన శిక్షణ గ్రంథంలో ఈ గోటి పద్ధతి వివరంగా ఉన్నది. స్వీనీ బాల్యంలో మాత్రం అది చూచి, విని నేర్చుకోవలసినదే.

1830లలో అతడు ఊరూరా ప్రదర్శన లిచ్చాడు. ముఖానికి మసి పూసుకొని నల్లవారిని అనుకరించే వేషాలు అవి. విద్య నేర్పినవారినే నవ్వులపాలు చేసిన ఆ వేషాన్ని మెచ్చుకొనలేము. 1843లో సముద్రం దాటి బ్రిటన్ ప్రజలకు బాంజో వినిపించాడు.

ఐదు తీగలలో ఆ పొట్టి తీగను అతడే కనిపెట్టాడని చాలకాలం చెప్పుకొన్నారు. ఆ మాట నిలువదు. 18వ శతాబ్ది చివర జాన్ రోజ్ దక్షిణ కరొలినాలో చిత్రించిన పటంలో ఒక నల్లవాని చేతిలో బాంజో ఉన్నది. దానికి పొట్టి తీగ కనబడుతుంది. అప్పటికి స్వీనీ పుట్టనే లేదు. అతడు చేర్చినది ఏదైనా ఉన్నయెడల అది మంద్రస్థాయి తీగ కావచ్చును. అయినను ఆ వాద్యాన్ని పల్లె నుండి నగరానికి చేర్చినవారిలో అతడు ముఖ్యుడు. 1840లలో బాల్టిమోరులో డ్రమ్ములు చేసే విలియం బౌచర్ బాంజోలను కూడా చేసి అమ్మసాగాడు.

స్వీనీ 1860లో మరణించాడు. ధ్వనిని పట్టి తిరిగి వినిపించే ఎడిసన్ యంత్రం 1877లో గాని రాలేదు గనుక అతని వాద్యాన్ని వినే భాగ్యం మనకు లేదు. తమ్ముడు శాం కూడా బాంజో వాదకుడే. అంతర్యుద్ధంలో దక్షిణ సేనాని స్టూవర్ట్ విడిదిలో వాయిస్తూ, 1864లో మశూచి సోకి కన్నుమూశాడు.