డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

దెబ్బతిన్న నరాలను మూలకణాలతో బాగుచేయవచ్చునన్న ఆశ నేడు ఎందరినో ఊరించుచున్నది. రక్తరోగాలలో మూలకణ మార్పిడి సఫలమైనా, నాడీవ్యాధులలో అది చాలవరకు ఇంకను పరీక్షల దశలోనే ఉన్నది. కణాల పెరుగుదలకు, నిరోధానికి సైతం మార్గం చూపిన ఆంధ్రుని ఈ సందర్భంలో స్మరించుట మా విధిగా భావించుచున్నాము.

సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించినారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురైనారు, ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తిపడవలసి వచ్చినది. స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధి సోదరులను కబళించినది. ఆ దుఃఖం ఆయనను విడువలేదు.

హార్వర్డులో పరిశోధించి, 1940లో లెడర్లీ సంస్థలో చేరినారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే ఔషధమైనది! మజ్జలోని మూలకణాలు విభజన చెంది రక్తమగుటకు ఇది ఆవశ్యకము. గర్భస్థ శిశువు వెన్నుపాము లోపాలను ఇది నివారించునని 1991లో బ్రిటిష్ పరిశోధన నిరూపించినది. మన బత్తలపల్లె గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలోనూ ఈ ఆమ్లమున్నది. కాని శిశువు వెన్ను రూపొందేది మొదటి నెలలోనే గనుక, గర్భధారణకు ముందే మాత్ర ఆరంభించుట మేలు. ఈ సంగతి మన ఇండ్లలో ఇంకను తెలియవలసియున్నది.

ఆ ఆమ్లానికి విరోధియైన అమినోప్టెరిన్‌తో రక్తక్యాన్సరు పిల్లలకు తాత్కాలికోపశమనం కలిగినదని 1948లో ఫార్బరు ప్రకటించినారు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను నేడు వెన్నుద్రవంలోకి ఎక్కించి, క్యాన్సరు మెదడుకు పాకకుండ చూచుచున్నారు. మజ్జ మార్పిడిలో దాత కణాలు రోగి దేహంపై తిరగబడకుండ కూడ వాడుచున్నారు.

ఇవన్నీ చూడకుండగనే, 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయంలో సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసినారు. 1995లో భారత తపాలాశాఖ ఆయన స్మారక బిళ్ల విడుదల చేసినది.