అరణ్యమునకు పుస్తకములు మోసికొనిపోయిన జెరోము

క్రీస్తుశకము 4వ శతాబ్దపు మధ్యకాలమున దల్మతియ సరిహద్దునందలి స్ట్రిడోను అను చిన్న పట్టణములో జెరోము జన్మించెను. కలిగిన కుటుంబము గనుక చదువు నిమిత్తము అతనిని రోమాకు పంపిరి. అచ్చట దొనాతు అను ప్రసిద్ధ వ్యాకరణ పండితుని యొద్ద లాటిను సాహిత్యమంతయు ఔపోసన పట్టెను. యౌవనములోనే బాప్తిస్మము పొందెను గాని, అతని మనస్సు మాత్రము చాలకాలము రెండు బల్లలయొద్ద భుజించుచుండెను. ఒక ప్రక్క సువార్త, మరియొక ప్రక్క సిసెరో.

ఆ దినములలో అలెక్సంద్రియ అధ్యక్షుడైన అతనాసియు గ్రీకులో వ్రాసిన అంతోని జీవితచరిత్ర దేశదేశములకు ప్రాకుచుండెను. ధనవంతుడైన యౌవనునికి ప్రభువిచ్చిన ఆజ్ఞ దేవాలయములో చదువబడగా విని, ఆస్తి విడిచి ఐగుప్తు అరణ్యమునకు వెళ్లిన మనుష్యుని కథ అది. ట్రియెరు నగరములో ఇద్దరు రాజోద్యోగులు దానిని చదివి కొలువు మానుకొనిరి. ఆ సంగతి 386లో మిలానులో విని అగస్టీను కలత చెందెను. వానప్రస్థమును ఎరిగిన మన దేశమునకు ఈ ఆకర్షణ క్రొత్తది కాదు. అయితే వానప్రస్థము సంసారభారము దించుకొన్న పిమ్మట వచ్చునది. ఈ పుస్తకము యౌవనస్థులనే పిలిచెను.

దానిని లాటినులోనికి తర్జుమా చేసిన ఎవాగ్రియు ఇంటనే, అంతియొకయలో, జెరోము అతిథిగా దిగెను. తోడివచ్చిన స్నేహితుడొకడు జ్వరముతో మరణించెను. తానును వ్యాధిగ్రస్తుడై, న్యాయపీఠము ఎదుట నిలిచినట్లు కలగనెను. క్రైస్తవుడనని చెప్పుకొనగా, సిసెరో శిష్యుడవేయని తీర్పు వచ్చినట్లు ఆ కల. తరువాత 375 ప్రాంతమున సిరియలోని కల్కిసు అరణ్యమునకు వెళ్లెను. సమస్తమును విడిచినవాడు తన గ్రంథాలయమును మాత్రము విడువలేదు. నకళ్లు వ్రాయువారు సహా అరణ్యములో అతని వెంట ఉండిరి!

పుస్తకములలో చదివిన అరణ్యము అచ్చట దొరకలేదు. ఉపవాసములచేత శరీరము ఎండిపోయినను, తేళ్ల మధ్య కూర్చున్న తన తలంపులు రోమా నాట్యకత్తెల నడుమ తిరుగుచుండెనని ఆయనే తరువాత ఒప్పుకొనెను. ఆ తలంపులను అణచుటకు యూదులలోనుండి క్రీస్తును నమ్మిన ఒక సహోదరునియొద్ద హెబ్రీ అక్షరములు దిద్దనారంభించెను. సిసెరో వాక్ప్రవాహమునకు అలవడిన చెవికి ఆ కంఠ్యధ్వనులు ముండ్లవలె తోచెను. విసిగి పలుమారులు విడిచిపెట్టెను. పలుమారులు మరల పట్టెను. కల్కిసులో ఆయన చేసిన తపస్సులన్నిటిలో సంఘమునకు మిగిలినది ఇదియే. సన్న్యాసులు త్రిత్వమును గూర్చిన పదములపై ఆయనను విచారణచేసి వేధించిరి. రెండు మూడేండ్లకే ఆ చోటు విడిచిపోయెను.

ఆ ప్రాంతములోనే మొదటి ఏకాంతవాసి పౌలు కథను వ్రాసెను. 113 ఏండ్ల వృద్ధుడు, రొట్టె తెచ్చు కాకి, సమాధి త్రవ్వు రెండు సింహములు అందులో కనబడును. అట్టి పౌలు అసలు ఉండెనాయని సమకాలికులే సందేహించిరి. తనకు దొరకని అరణ్యమును జెరోము ఆ పుటలలో చిత్రించుకొనెనని తలంచుట తప్పుకాదు. చరిత్రగా చదువువారు జాగ్రత్తపడవలెను.

ఇట్టి సాహిత్యమునకు చెల్లించు వెల రోమాలో తెలిసెను. 382లో అచ్చటికి తిరిగివచ్చి, అధ్యక్షుడైన దమాసు కోరికపై లాటిను సువార్తలను సవరించెను. పౌలా అను ధనిక విధవరాలును, ఆమె కుమార్తెలును ఆయనయొద్ద లేఖనములు నేర్చుకొనిరి. వారిలో బ్లెసిల్లా యౌవనములోనే విధవరాలైనది. ఆమె కఠోర ఉపవాసములకు పూనుకొని 384లో మరణించెను. శవము వెంట నడచిన జనులు సన్న్యాసులమీద మండిపడిరి. అధికముగా ఏడ్చుచున్న తల్లికి జెరోము మందలింపు లేఖ వ్రాసెను. ఎంత పండితుడైనను, కడుపుకోత ఎట్టిదో ఆ లేఖలో ఎరుగనివాడు.

మరుసటి సంవత్సరము రోమా విడిచి, 386లో బేత్లెహేములో స్థిరపడెను. పౌలా ధనముతో మఠములతోపాటు యాత్రికులకు సత్రమును కట్టబడెను. పండితుడైన ఒక యూదుడు తనవారికి భయపడి రాత్రివేళ వచ్చి పాఠము చెప్పెడివాడు. అట్లు 390 మొదలుకొని 405 వరకు పాత నిబంధన హెబ్రీనుండి లాటినులోనికి వచ్చెను. యోనా గ్రంథములో అలవాటైన సొరతీగకు బదులు మరియొక తీగ పేరు వినబడగా ఉత్తర ఆఫ్రికాలో ఒక సంఘమంతయు అల్లరి చేసెను. అనువాదకుని కష్టము అనాదినుండి ఇంతే. హెబ్రీ పట్టికలో లేని గ్రంథములను వేరుపరచిన ఆయన పీఠికను ప్రొటెస్టెంటులు ఆదరించిరి. ఆయన సన్న్యాస పక్షపాతమును మాత్రము లూథరు క్షమింపలేదు.

404లో పౌలా మరణించెను. ఆ దుఃఖములోనే జెరోము ఐగుప్తీయుడైన పకోమియు మఠనియమములను తర్జుమా చేసెను. కాకులు, సింహములు ఇందులో లేవు. అందరును చదువ నేర్చుకొనవలెననియు, క్రొత్త నిబంధనను కీర్తనలను కంఠస్థము చేయవలెననియు అందులోని విధి. ఇరువది తొమ్మిదేండ్ల క్రిందట అరణ్యమునకు పోయిన యువకునికి ఈ గ్రంథము రుచించియుండదు.

410లో గోతులు రోమాను దోచుకొనిరి. నిన్నటి ధనికులు భిక్షకులై బేత్లెహేము చేరిరి. అప్పుడు యెహెజ్కేలు గ్రంథ వ్యాఖ్యానమును వ్రాయుచున్న జెరోము కలమును ప్రక్కన పెట్టి, పగలెల్ల వారికి పరిచర్య చేసెను. చూపు మందగించినను, రాత్రి దీపకాంతిలో చెప్పుచుండగా లేఖకులు వ్రాసికొనిరి. లోకమును విడిచివచ్చినవాని వాకిటికి లోకమే నడచివచ్చెను. ఈసారి ఆయన దానిని విడిచిపోలేదు. 420లో కన్నుమూయు నాటికి యిర్మీయా వ్యాఖ్యానము 32వ అధ్యాయము వరకే, అనగా ముట్టడిలో చెరసాలనుండి ప్రవక్త పొలము కొనిన సంగతి వరకే, వచ్చియుండెను.