బడిపంతులు జాషువా

ట్యాంక్‌బండ్ మీద విగ్రహాల వరుసలో గుర్రం జాషువాను మనమంతా చూసినవాళ్లమే. ఆ మహాకవి మిషన్ బడిలో పంతులుగా జీవితం మొదలుపెట్టారన్న సంగతి మాత్రం కొద్దిమందికే గుర్తు. క్రైస్తవ బడిలో కళలకు ఏం పని అని అడిగేవారికి ఆయన జీవితమే సమాధానం.

1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థులు, తల్లి లింగమ్మ మాదిగ కుటుంబం నుంచి వచ్చారు. క్రైస్తవ ఇంట పెరిగిన ఆ పిల్లవాడికి బొమ్మలు గీయడం, పాటలు పాడటం ఇష్టం. కులం పేరుతో ఎగతాళి చేసిన తోటి పిల్లలపై తిరగబడేవాడు. దీపాల పిచ్చయ్యశాస్త్రి స్నేహంతో కవిత్వం మీద మక్కువ పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం చదువుకున్నారు.

మిషన్ బడిలో జీతం నెలకు మూడు రూపాయలు. ఆ ఉద్యోగమూ పోయాక రాజమండ్రి వెళ్లి, 1915-16లో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివి వినిపించారు. తర్వాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పాఠాలు చెప్పారు. 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు.

వేదిక ఆయనను తేలిగ్గా రానివ్వలేదు. వినుకొండ అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. హిందూ పురాణ కథలు రాస్తున్నారని క్రైస్తవ మతపెద్దలు వెలివేశారు. రెండు వైపులా తలుపులు మూసుకున్నా ఆయన పద్యం మానలేదు. 1941లో వచ్చిన గబ్బిలంలో, గుడి గడప దాటలేని పేదవాడు తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు మేఘం దగ్గర నేర్చిన పాఠం అలా అక్కరకొచ్చింది.

ఆయన శ్మశాన పద్యాలను నటులు సత్యహరిశ్చంద్ర నాటకంలో, కాటి సీనులో పాడుతూ వచ్చారు. పందిరి కింద కూర్చున్న అన్ని కులాలవాళ్లూ ఒక్కచోటే కన్నీళ్లు పెట్టుకున్నారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1970లో పద్మభూషణ్ అందుకుని, 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు.

1998లో సైబర్ టవర్స్ లేచిన నాటి నుంచి మన మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతం ఎంత మారిందో పాత విద్యార్థులకు తెలుసు. ఇప్పుడు ఒకే తరగతిలో ఎన్నో రాష్ట్రాల, ఎన్నో భాషల పిల్లలు. పక్కపక్కనే కూర్చున్నంత మాత్రాన వాళ్లు దగ్గరవరు. క్వయర్‌లో గొంతు కలిపినప్పుడు, క్రిస్మస్ నాటికలో ఒకరి మాట మరొకరు అందుకున్నప్పుడు దగ్గరవుతారు. కానీ ప్రధాన పాత్రలు ఎప్పుడూ ఆ నలుగురికే ఇచ్చి, మిగతావారిని తెర లాగడానికి పెడితే, వినుకొండ సభను మనమే మళ్లీ జరిపినట్టు.

ఉపాధ్యాయులకు, తోటి పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఏటా సెప్టెంబర్ 28న మన వేదిక మీద పద్యపఠనం పెడదాం. బహుమతులు వద్దు, ఎంపికలు వద్దు. చదువుతానన్న ప్రతి బిడ్డకూ మైకు అందాలి, మిగతా బడంతా కూర్చుని వినాలి.