సిమెంటులో నిలబడ్డ కష్టజీవులు: శిల్పి రాంకింకర్ బైజ్ జీవితం

దళితవాడ మొదట్లో నిలబడి ఉండే అంబేద్కర్ విగ్రహాన్ని చూస్తూ పెరిగినవాళ్ళం మనలో చాలామందిమి. ఎక్కువ ఊళ్ళలో అది సిమెంటు విగ్రహమే. కంచు పోయించే స్తోమత వాడకు ఉండదు. తలా కొంత చందా వేసుకుని, తెలిసిన పనివాడితో చేయించి, కోటుకు నీలం రంగు వేయించి, జయంతి నాటికి నిలబెట్టుకుంటాం. ఆ జాగా కోసం జరిగిన గొడవలు, పెట్టిన కేసులు, రాత్రికి రాత్రి చెయ్యి విరగ్గొట్టిన సంఘటనలు మనకు కొత్త కాదు. ఇంత పోరాటం చుట్టూ ఉన్న ఆ విగ్రహాన్ని కళ అని మాత్రం ఎవరూ అనరు. కళ అంటే పట్నంలో, గ్యాలరీలో, అద్దాల వెనక ఉండేదని మనకూ నేర్పారు.

ఫైన్ ఆర్ట్స్, డిజైన్, ఫొటోగ్రఫీ చదువుతున్న మన పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. స్ఫూర్తి కోసం వాళ్ళు ఎక్కడెక్కడో వెతుకుతుంటారు. వాళ్ళ కోసం ఒక జీవితం చెప్పుకుందాం. మన దేశంలో ఆధునిక శిల్పానికి దారి వేసిన మనిషి క్షురక వృత్తి కుటుంబంలో పుట్టాడు. ఆయన గొప్ప పనులు కొన్ని సిమెంటుతో చేసినవే. పేరు రాంకింకర్ బైజ్.

1906లో బెంగాల్‌లోని బాంకురా పట్టణంలో, జుగిపాడా అనే పేటలో ఆయన పుట్టారు. ఇంటిపేరు పరామాణిక్. బెంగాల్‌లో ఆ పేరు వినగానే వృత్తి ఏదో తెలిసిపోతుంది. తర్వాత ఆ పేరు పోయి బైజ్ వచ్చింది. అది వైద్య అనే మాట నుంచి పుట్టిందంటారు. ఇందులో వింతేమీ లేదు. మన ఊళ్ళలోనూ గడ్డాలు గీసిన చేతులే పుండ్లు కోసి కట్లు కట్టాయి, డోలు సన్నాయి వాయించాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఊరందరికీ పురుళ్ళు పోశారు. ఇన్ని విద్యలున్నా ఊరు వాళ్ళను పిలిచింది ఒక్క కులం పేరుతోనే. ఇంటిపేరు మార్చుకోవడం వెనక ఎంత బరువుంటుందో ఈ పేజీలు చదివేవాళ్ళకు వివరించి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆయన దళితుడు కాదు. ఊరికి సేవ చేసే కులాల్లో పుట్టినవాడు. మన ఊళ్ళలో దళితులకు క్షవరం చేయనివ్వని కట్టుబాటు ఎన్నాళ్ళు సాగిందో మనకు తెలుసు. ఆ కట్టుబాటు పెట్టింది భూమి ఉన్న కులాలు, అమలు చేయాల్సి వచ్చింది కత్తి పట్టిన చేతులు. కులం మెట్ల మీద మెట్టుగా ఉండటమంటే ఇదే. ఆయన జీవితాన్ని మనదిగా చెప్పుకునేటప్పుడు ఆ మెట్టును కూడా గుర్తుపెట్టుకుందాం.

రాంకింకర్‌కు చిన్నప్పుడు డ్రాయింగ్ స్కూలు లేదు. పొరుగున పూజలకు విగ్రహాలు చేసే సూత్రధర్లు ఉండేవారు. వాళ్ళ దగ్గర కూర్చుని మట్టి పిసకడం, రంగు కలపడం నేర్చుకున్నారు. నాటకాలకు తెరలు గీశారు. సహాయ నిరాకరణోద్యమం వచ్చినప్పుడు ఊరేగింపుల కోసం నాయకుల బొమ్మలు వేశారు. ఆ బొమ్మలు అదే ఊరికి చెందిన ప్రముఖ సంపాదకుడు రామానంద ఛటర్జీ కంట్లో పడ్డాయి. మోడరన్ రివ్యూ, ప్రబాసీ పత్రికలు నడిపింది ఆయనే. 1925లో ఈ కుర్రాడిని శాంతినికేతన్ చేర్చింది కూడా ఆయనే. అక్కడి కళాభవన్‌లో గురువు నందలాల్ బోస్. ప్రతిభ ఎంత ఉన్నా, తలుపు తీసే చెయ్యి ఒకటి దొరకాలి. రాంకింకర్‌కు దొరికింది. ఆయన పక్కన మట్టి పిసికిన సూత్రధర్ల పిల్లలకు దొరకలేదు.

శాంతినికేతన్‌లో శిల్పం నేర్పే ఏర్పాటు అప్పటికి పెద్దగా లేదు. యూరప్ నుంచి వచ్చి కొన్నాళ్ళు ఉన్న లీజా ఫాన్ పాట్, మార్గరెట్ మిల్వార్డ్ అనే శిల్పుల దగ్గర ఆయన కొన్ని మెళకువలు పట్టుకున్నారు. మిగతాది సొంత సాధన. 1930ల్లో అక్కడే అధ్యాపకుడయ్యారు. 1935లో చెట్ల మధ్య సన్నగా, పొడుగ్గా నడుస్తున్న ఒక ఆడపిల్ల శిల్పం నిలబెట్టారు. నందలాల్ సలహాతో దాని నెత్తిన పాయసపాత్ర చేరి, అది బుద్ధుడికి ఆహారం పెట్టిన సుజాత అయింది. దాన్ని చూసిన ఠాగూర్ ఆశ్రమమంతా ఇలాంటి శిల్పాలతో నింపమన్నారని చెబుతారు.

మూడేళ్ళకు, 1938లో, సంతాల్ కుటుంబం వచ్చింది. కావడి మోస్తున్న మగమనిషి, కావడి తట్టలో పిల్ల, పక్కన నెత్తిన బరువుతో ఆడమనిషి, వాళ్ళ వెంట కుక్క. ఉన్న కాస్త సామాను ఎత్తుకుని పనికోసం మరో చోటికి పోతున్న కుటుంబం అది. మనిషి ఎత్తును మించిన విగ్రహాలు. కలకత్తా మైదానంలో అప్పటికి వైస్రాయిలు, సేనాపతులు గుర్రాలెక్కి నిలబడి ఉన్నారు. దేశమంతటా పీఠమెక్కే అర్హత రాజులకు, దొరలకు, దేవుళ్ళకే ఉంది. అలాంటి రోజుల్లో వలసపోతున్న ఒక ఆదివాసీ కుటుంబం ఏ దేవుడి పేరూ లేకుండా, పాయసపాత్ర అవసరం కూడా లేకుండా ఆరుబయట నిలబడింది. దేశంలో తొలి ఆధునిక బహిరంగ శిల్పం ఇదేనని కళాచరిత్రకారులు చాలామంది అంటారు.

ఆ శిల్పం దేనితో చేశారన్నది ఇంకా ముఖ్యం. పాలరాయికి, కంచుకు డబ్బు లేదు. ఇనుప చువ్వలతో చట్రం కట్టి, బీర్భూమ్ నేలలో దొరికే ఎర్ర మొరం కంకరను సిమెంటులో కలిపి, గుప్పిళ్ళతో విసిరి అద్దుకుంటూ పోయారు. ఆరకముందే గీకి, చెక్కి రూపం తేవాలి. అందుకే ఆ ఒంటిమీద నునుపు ఉండదు. గరుగ్గా, పగుళ్ళిచ్చిన చేను మట్టిలా ఉంటుంది. పేదరికం వల్ల వాడిన సరుకే ఆ పనికి ప్రాణమైంది. ఏ నేల మీద ఆ మనుషులు నడిచారో ఆ నేలతోనే వాళ్ళ ఒళ్ళు తయారైంది.

1956లో మిల్లు పిలుపు చేశారు. రైస్ మిల్లు కూత వినపడగానే పరుగెత్తుతున్న ఇద్దరు సంతాల్ ఆడవాళ్ళు, వెనక ఒక పిల్లవాడు. ఒంటిమీద తడిబట్టలు గాలికి ఎగురుతున్నాయి. అవి పరుగులోనే ఆరాలి. కూలికి పోయే తల్లి కడుపున పుట్టినవాళ్ళకు ఆ పరుగు ఏమిటో తెలుసు. అందులో నాట్యం చూసినవాళ్ళున్నారు, పల్లె సౌందర్యం చూసినవాళ్ళున్నారు. ఆలస్యమైతే కూలి పోతుందన్న భయం కూడా అందులో ఉందని మనం చెప్పాలి.

ఇక్కడే మనల్ని వదలని ప్రశ్న ఒకటుంది. 1855లో సిద్ధూ, కాన్హూల నాయకత్వంలో వడ్డీ వ్యాపారుల మీద, జమీందార్ల మీద, కంపెనీ ప్రభుత్వం మీద లేచిన జాతి సంతాలులది. ఆ తిరుగుబాటు తర్వాత వాళ్ళు తేయాకు తోటలకు, పొలాలకు, మిల్లులకు కూలీలుగా చెదిరిపోయారు. శాంతినికేతన్ చుట్టూ వాళ్ళ పల్లెలున్నాయి. శిల్పాల్లోకి వాళ్ళు వచ్చారు. వాళ్ళ పేర్లు రాలేదు. రాంకింకర్ వాళ్ళతో తిరిగారు, వాళ్ళ ఇళ్ళ దగ్గర కూర్చున్నారు, తాటాకు టోపీ పెట్టుకుని ఎండలో పనిచేశారు. చూపులో జాలి లేదు, సమానత్వం ఉంది. అయినా చూసినవాడు ఆయన, చూడబడినవాళ్ళు వాళ్ళు. కెమెరా పట్టుకుని వాడల్లోకి, గూడేల్లోకి వెళ్ళే మన విద్యార్థులు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

స్వతంత్రం వచ్చాక ఢిల్లీ నుంచి పిలుపు వచ్చింది. రిజర్వు బ్యాంకు కొత్త భవనం ముందు శిల్పాలు పెట్టాలని 1950ల్లో తొమ్మిది మంది కళాకారులను ఆహ్వానిస్తే, నమూనాల్లో రాంకింకర్ చేసినవే నెగ్గాయి. యక్షుడు, యక్షిణి. మథుర, కలకత్తా మ్యూజియాల్లోని పాత విగ్రహాలు ఆధారం. అయితే ఆయన యక్షుడి చేతిలో డబ్బు సంచితో పాటు యంత్రపు పళ్ళచక్రం కూడా ఉంది. కాంగ్రా లోయ దాకా వెళ్ళి రాయి వెతికించారు. పని పూర్తయ్యేసరికి పదేళ్ళు దాటింది. యక్షిణి ఒంటిమీద బట్టలేదని రాజ్యసభ దాకా అభ్యంతరం వెళ్ళింది. ఆ బొమ్మలు ఇప్పటికీ పార్లమెంట్ స్ట్రీట్‌లో నిలబడే ఉన్నాయి. దేశపు ఖజానాకు కాపలా కాస్తున్న ఆ ఇద్దరినీ ఒక మంగలి ఇంటి బిడ్డ చెక్కాడని ఆ దారిన పోయే ఎంతమందికి తెలుసు?

ఆయన ఇంటికి మాత్రం ఖజానా రాలేదు. గడ్డికప్పు ఇల్లు. వానకు కారుతుంటే, నూనె రంగులు వేసిన కాన్వాసుకు నీళ్ళు దిగవు కదా అని తన బొమ్మలనే కప్పులో దోపుకున్నారు. ఇంట్లో రాధారాణి ఉండేది. ఇళ్ళల్లో పనిచేసి బతికిన మనిషి. పెళ్ళి తంతు లేకుండానే ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి బతికారు. ఆయన చాలా చిత్రాలకు, శిల్పాలకు రూపం ఆమెది. మర్యాదస్తుల ఆశ్రమంలో దీనిమీద గుసగుసలు నడిచాయి. ఆమె గురించి రాసిన కథలు ఎక్కువ, ఆమెను కళలో భాగస్వామిగా రాసినవి తక్కువ.

1970లో పద్మభూషణ్ వచ్చింది. మరుసటేడు పదవీ విరమణ. 1975లో ఋత్విక్ ఘటక్ ఆయనమీద సినిమా తీయడం మొదలుపెట్టి, పూర్తికాకుండానే మరుసటి ఏడాది చనిపోయారు. 1980 ఆగస్టు 2న కలకత్తా ఆసుపత్రిలో రాంకింకర్ కన్నుమూశారు. 2012లో ఆయన శిష్యుడు కె.ఎస్. రాధాకృష్ణన్ ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో ఆయన జీవితకాలపు పనిని ఒకచోట చేర్చి చూపించారు. 2023లో శాంతినికేతన్ యునెస్కో వారసత్వ స్థలమైంది.

ఇంత గౌరవం దక్కినా ఆయన గురించి చెప్పేటప్పుడు తాగుడు, పాటలు, పిచ్చి, బోహేమియన్ అనే మాటలే ముందుకొస్తాయి. కులం గురించి ఒక వాక్యం, పేదరికం గురించి ఇంకో వాక్యం రాసి, మిగతాదంతా పుట్టుకతో వచ్చిన మేధస్సు ఖాతాలో వేస్తారు. ఆ చేతుల వెనక సూత్రధర్ల మట్టి ఉంది, వృత్తికులాల ఓర్పు ఉంది, రాధారాణి ఉంది, సంతాల్ పల్లెలున్నాయి. ఇవన్నీ కలిపితేనే ఆ మనిషి అర్థమవుతాడు.

ఈసారి మీ వాడలో అంబేద్కర్ విగ్రహం దగ్గరికి వెళ్ళినప్పుడు శిలాఫలకం చదవండి. ఆవిష్కరించినవారి పేరుంటుంది, చందాలిచ్చినవారి పేర్లుంటాయి. చేసినవాడి పేరు ఉండదు. అతనెవరో పెద్దవాళ్ళను అడగండి. బతికుంటే వెళ్ళి కలవండి, చువ్వలు ఎలా కట్టాడో, ముఖం ఎలా కుదిర్చాడో అడిగి రాసుకోండి. ఒప్పుకుంటే అతని ఫొటో తీయండి. ఆ ఫలకం మీద ఇంకో పేరుకు చోటుంది.