లుయీజీ పియో తెస్సితోరి

రాజస్థానమున ఒక సీమనుండి మరియొక సీమకు పోవుకొలది జనుల పలుకు మారుచుండును. పడమటి ఎడారియందు మార్వాడీ, ఉదయపురము వైపున మేవాడీ, జయపురము చుట్టును ఢుంఢారీ, కోటా బూందీలయందు హాడౌతీ, అల్వరు ప్రాంతమున మేవాతీ వ్యవహారమున నున్నవి. ఈ పలుకుల పూర్వచరిత్రను వెదకుటకై తన జీవితమును ధారవోసిన పండితుడు లుయీజీ పియో తెస్సితోరి.

ఈయన 1887వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన ఇటలీ దేశమందలి ఊదినె పట్టణమున జన్మించెను. ఫ్లారెన్సు విశ్వవిద్యాలయమున సంస్కృతము నభ్యసించి, తులసీదాసు రామచరితమానసమును వాల్మీకి రామాయణముతో పోల్చి పరిశోధించెను. భారతదేశమును కన్నులార చూడకమునుపే, ఐరోపా గ్రంథాలయములకు చేరియున్న జైనుల వ్రాతప్రతులను శ్రద్ధతో చదివి, ప్రాచీన పశ్చిమ రాజస్థానీ భాషకు వ్యాకరణము సమకూర్చెను. నేడు వేరువేరుగా నున్న గుజరాతీయు మార్వాడీయు ఒకప్పుడు ఒక్క భాషయే యనియు, కాలక్రమమున రెండు పాయలుగా చీలిన వనియు ఇందు విశదపరచెను. ఈ రచన 1914 మొదలు 1916 వరకు ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికయందు ప్రకటింపబడెను.

భారతీయ భాషలను పరిశీలించి వర్గీకరించిన గ్రియర్సను పండితుడు ఈయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. 1914లో తెస్సితోరి మన దేశమునకు వచ్చి, బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పక్షమున రాజపుతానా చారణుల కావ్యములను, చరిత్రలను సేకరించు పనికి పూనుకొనెను. చారణులు రాజవంశముల కీర్తిని గానము చేయు కవులు. వారి కావ్యభాషకు డింగళమని పేరు. ఈయన మొదట జోధపురమునందును, పిదప బికానేరునందును ఉండి, ఊరూర తిరిగి, మరుగున పడియున్న వ్రాతప్రతులను పరిశీలించి పట్టికలు వ్రాసెను. రాఠోడు పృథ్వీరాజు రచించిన కృష్ణ రుక్మిణుల కథాకావ్యమును పరిష్కరించి 1919లో అచ్చు వేయించెను.

ఆ యేటనే తల్లికి జబ్బు చేసినదని విని స్వదేశమునకు పయనమయ్యెను. కాని ఈయన చేరునప్పటికే ఆమె కన్నుమూసెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, తలపెట్టిన పనిని విడువలేక మరల ఎడారిసీమకు వచ్చెను. వచ్చిన కొలదిదినములకే జ్వరపీడితుడై, నవంబరు 22వ తేదీన బికానేరున మరణించెను. అప్పటికి ముప్పదిరెండేండ్లయినను నిండలేదు. ఆయన సమాధి ఆ నగరముననే కలదు.

విద్యార్థులారా! పరదేశీయుడొకడు పల్లెజనుల పలుకులలో ఒక జాతి చరిత్రను కనుగొనెను. కావున ఏ సీమవారి మాటనైనను మోటదని నవ్వుట తగదు. మన తాతలు, అవ్వలు పలుకు మాటలను చెవియొగ్గి వినుడు. వానిని వ్రాసి భద్రపరచుడు.