భారత చరిత్రపూర్వ పరిశోధనకు ఆద్యుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్

దక్షిణ భారతదేశంలో లిపి పుట్టకముందు జీవించిన మానవుని ఆనవాళ్లను శాస్త్రీయంగా గుర్తించి నమోదు చేసిన ఘనత భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్‌కు దక్కుతుంది. నేటి తిరుపతి, చిత్తూరు ప్రాంతాలు ఒకనాడు అంతర్భాగంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా ఆయన తొలి పరిశోధన క్షేత్రాలలో ఒకటి. దొరికిన వస్తువుతో పాటు అది దొరికిన భూమి పొరను కూడా నమోదు చేసిన ఆయన పద్ధతి నూట అరవై ఏళ్ల తరువాత కూడా పరిశోధకులకు ఆధారంగా నిలిచి ఉంది.

ఫూట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించారు. 1858లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరి మద్రాసు ప్రెసిడెన్సీలో నియమితులయ్యారు. ఫ్రాన్స్‌లోని సోమ్ నదీలోయలో అంతరించిపోయిన జంతువుల ఎముకలతో పాటు దొరికిన రాతి పనిముట్లు మానవ నిర్మితాలేనని ఇంగ్లండు శాస్త్రవేత్తలు అంగీకరించినది 1859లోనే. అటువంటి ఆధారాలు భారతదేశంలోనూ లభించగలవన్న ఆలోచనకు ఈ పరిణామం ప్రేరణ అయింది.

1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లావరంలో, కంకర కోసం తవ్విన గుంతలో ఫూట్‌కు మానవుడు చెక్కిన రాతి పనిముట్టు లభించింది. అదే సంవత్సరం సెప్టెంబరు 28న సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం వద్ద మరిన్ని పనిముట్లను గుర్తించారు. ఈ స్థలం కొసస్థలైయార్ నదీ పరీవాహక ప్రాంతంలో ఉంది. చిత్తూరు కొండలలో పుట్టిన నగరి నది కలిసేది ఈ నదిలోనే.

మద్రాసు, ఉత్తర ఆర్కాటు జిల్లాల లాటరైట్ నిక్షేపాలలో లభించిన రాతి పనిముట్లపై ఫూట్ రాసిన వ్యాసం 1866లో ప్రచురితమైంది. పాలారు నదికి ఉత్తరాన ఉన్న భూభాగపు భూగర్భ నిర్మాణంపై ఆయన నివేదిక 1873లో వెలువడింది. ఈ ప్రాంతపు కొండలలో విరివిగా లభించే క్వార్ట్‌జైట్ రాయితోనే ఆదిమానవుడు చేతిగొడ్డళ్లు చెక్కినట్లు ఆయన గుర్తించారు. 1884-85లో కర్నూలు ప్రాంతంలోని బేతంచెర్ల సమీపాన గల బిల్లసర్గం గుహలలో తన కుమారుడు హెన్రీ బ్రూస్ ఫూట్‌తో కలిసి తవ్వకాలు సాగించారు.

ఆయన ప్రతిపాదనలన్నీ కాలపరీక్షకు నిలువలేదు. పనిముట్లు లభించిన లాటరైట్ నిక్షేపాలు సముద్రం వల్ల ఏర్పడినవని ఆయన భావించగా, తరువాతి పరిశోధకులు దానిని అంగీకరించలేదు. ప్రాచీన శిలాయుగానికి, నవీన శిలాయుగానికి మధ్య మానవుని జాడ లేని సుదీర్ఘ విరామం ఉందన్న ఆయన అభిప్రాయాన్ని సవరించిన ఆధారాలలో తిరుపతి సమీపంలోనివి కూడా ఉన్నాయి. 1960వ దశకంలో ఎం.ఎల్.కె. మూర్తి రేణిగుంట పరిసరాలలోని రాళ్లకాలువ వాగు లోయలో సన్నని రాతి పలకలతో చేసిన పనిముట్లను వెలుగులోకి తెచ్చారు. ఎగువ ప్రాచీన శిలాయుగానికి చెందిన ఈ పనిముట్లు ఫూట్ ఖాళీగా భావించిన కాలానికి చెందినవే. ఫూట్ తన ఊహను, తాను చూసిన వాస్తవాన్ని వేరువేరుగా నమోదు చేసినందున, ఊహ తప్పినా ఆయన సేకరణ విలువ తగ్గలేదు.

1891లో సర్వేక్షణ సంస్థ నుంచి విరమించిన అనంతరం బరోడా, మైసూరు సంస్థానాలలో సేవలందించారు. ఆయన సేకరణను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం స్వీకరించింది. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడగా, ఆ మరుసటి ఏడాది డిసెంబరు 29న ఫూట్ మరణించారు. సేకరణ వివరాలతో కూడిన గ్రంథాలు ఆయన మరణానంతరం 1914, 1916 సంవత్సరాలలో వెలువడ్డాయి.

ఫూట్ కాలంలో పనిముట్టు వయస్సును సంవత్సరాలలో లెక్కించే సాధనం లేదు. నేడు రాతిలోని స్ఫటికాలపై కాస్మిక్ కిరణాలు మిగిల్చిన మూలకాలను కొలిచి, అది భూమిలో పూడి ఎంత కాలమైందో అంచనా వేస్తున్నారు. ఇసుక రేణువులు చివరిసారి సూర్యకాంతికి గురైన సమయాన్ని ల్యూమినిసెన్స్ పద్ధతి తెలుపుతుంది. శాంతి పప్పు బృందం అత్తిరంపాక్కంలో జరిపిన తవ్వకాల ఆధారంగా అక్కడి తొలి పనిముట్ల వయస్సు సుమారు 15 లక్షల సంవత్సరాలని 2011లో, మధ్య ప్రాచీన శిలాయుగ పద్ధతి సుమారు 3.85 లక్షల సంవత్సరాల క్రితమే అక్కడ మొదలైందని 2018లో ప్రకటితమైంది. ఆ పనిముట్లను చేసిన మానవజాతి ఏది అన్న ప్రశ్నకు సమాధానం లభించలేదు. అక్కడ మానవ ఎముకలు దొరకకపోవడమే ఇందుకు కారణం.

ఈ పద్ధతులన్నీ కదలని పొరలపైనే ఆధారపడతాయి. రాతి పనిముట్టును మ్యూజియంలో భద్రపరచవచ్చు. అది ఉన్న కంకర పొరను ఒకసారి తవ్వి తరలిస్తే మళ్లీ పేర్చడం సాధ్యం కాదు. పల్లావరంలో ఫూట్‌కు ఆధారం చూపినది కంకర గుంత కాగా, నమోదు లేకుండా తవ్విన అటువంటి గుంతలే మిగిలిన ఆధారాలను చెరిపివేయగలవు. పురావస్తు స్థలాల రక్షణకు రాష్ట్రంలో 1960 నాటి చట్టం ఉంది. భవనం, శాసనం లేని రాళ్ల దిబ్బ కూడా చరిత్రకు ఆధారమేనని గుర్తించి, తవ్వకానికి ముందే పరిశీలన జరిపించినపుడే ఆ చట్టం ఉద్దేశం దక్షిణ రాయలసీమ వాగుల వెంట నెరవేరుతుంది.