సయ్యద్ అబ్దుల్ రహీం గారు

చైతన్యపురి నుండి మలక్‌పేట మీదుగా పోవు త్రోవ మూసీనదిపైనున్న చాదర్‌ఘాటు వంతెనను చేరును. ఆ చాదర్‌ఘాటు ఉన్నత పాఠశాలలో నొకప్పుడు పాఠములు చెప్పిన ఉపాధ్యాయులే భారతదేశపు ఫుట్‌బాలు జట్టుకు గురువులైరని మన విద్యార్థులలో నెందరెరుగుదురు? వారే సయ్యద్ అబ్దుల్ రహీం గారు.

వీరు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఉపాధ్యాయ వృత్తి నవలంబించి, కాచిగూడ మొదలగు చోట్ల బాలురకు చదువు చెప్పిరి. వ్యాయామ విద్యయందును శిక్షణ పొందిరి.

లండను నగరమున 1895లో ఓడలు కట్టు కార్ఖానా పనివారి కొరకు నెలకొల్పబడిన జట్టే పిమ్మట వెస్ట్ హామ్ యునైటెడ్ అను పేర ప్రసిద్ధి కెక్కెను. మన నగరమున నట్టి ఆశ్రయమును పోలీసు శాఖ కల్పించెను. ఆటగాండ్రు ఆ కొలువుచే జీవించుచు, ఆటను ప్రీతికై యాడెడివారు. రహీం గారి శిక్షణలో ఈ హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచెను.

ఈ విజయములకు మూలమేమి? బడిలో మంచి ఉపాధ్యాయుడు బాలునికి రాని లెక్కనే మరల మరల చేయించును గదా! రహీం గారును, వాడుకలేని కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టెడివారు. బంతిని తనయొద్ద నుంచుకొనక తోడివానికి వెంటనే యందించుట నేర్పెడివారు.

దేశపు జట్టు వీరి శిక్షణలో 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలయందు స్వర్ణపతకము నందెను. కాని 1952లో హెల్సింకి ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడెను. మనవారిలో పలువురు నాడు ఉత్తపాదములతో నాడిరి. ఆ పరాభవముచే గురువులు క్రుంగలేదు. బూట్లు తొడిగి, పద్ధతి మార్చుకొని, 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సున మన జట్టు నాలుగవ స్థానమును బడసెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీం గారు రోగపీడితులై యుండిరి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0గా ఓడించెను. రాజకీయ వివాదముచే ప్రేక్షకులును మనకు ప్రతికూలురైరి. అయినను సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీలో ఆ కొరియానే మనవారు 2–1గా జయించిరి. ఆ గోలులలో నొకటి, తలకు గాయమైయున్న జర్నైల్ సింగు చేసినది. తొమ్మిది నెలలు గడచినంతనే, 1963 జూన్ 11వ తేదీన రహీం గారు క్యాన్సరు వ్యాధిచే పరమపదించిరి. భారత పురుషుల జట్టు ఆ స్వర్ణమును మరల తేలేదు.

బాలబాలికలారా, మీకు సులభమైన దానినే మరల మరల చేసి మెప్పు పొందవలెనని చూడకుడు. రాని కాలితో బంతిని తన్ని నేర్చుకొనుడు. ఆ గురువునకు మనము చెల్లింపగల గురుదక్షిణ యిదియే.